బిడ్డ పుట్టగానే ఏడవలేదు... ఆ తర్వాత మెదడులో ఏం జరుగుతుంది?

పోయిన నెల ఈ శీర్షికలో పుట్టగానే ఏడవని బిడ్డల గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఇంక దేనికీ రాలేదు. సగానికి పైగా తల్లులు రాసినవే. కొన్నిటిని మధ్యలో ఆపేసి కాసేపు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఇక్కడ తీసుకుంటున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

ప్రశ్న: డాక్టర్ గారూ, కాన్పు కష్టమై మా బాబు పుట్టగానే ఏడవలేదు. మెదడుకి ఆక్సిజన్ అందలేదన్నారు. వెంటనే తీసుకెళ్ళి మూడు రోజులు చల్లటి పరుపు మీద ఉంచారు. ఆరు గంటల్లోపే మొదలుపెట్టాలన్నారు. ముట్టుకుంటే ఐసులా ఉన్నాడు, నాకు ప్రాణం పోయినంత పనైంది. దెబ్బ పుట్టేటప్పుడే తగిలిపోయింది కదా, తర్వాత చల్లబరిస్తే ఏమొస్తుంది? నేనే ఏదైనా తప్పు చేశానా అని రోజూ అదే ఆలోచన. — ఒక తల్లి

ముందు మీ ఆఖరి మాటకి జవాబు చెప్తాను. లేదమ్మా, మీరు ఏ తప్పూ చేయలేదు. మాయ ముందే విడిపోవడం, బొడ్డుతాడు జారి నొక్కుకుపోవడం, గర్భసంచి చిట్లడం, ఇవేవీ తల్లి ఏదో తిన్నందుకో, ఏదో బరువు ఎత్తినందుకో వచ్చేవి కావు. చాలామంది బిడ్డల్లో ఇదిగో ఇదే కారణం అని వేలు పెట్టి చూపించడం మాకే కుదరదు. ఆసుపత్రులు, పరికరాలు అన్నీ బాగున్న సంపన్న దేశాల్లో కూడా ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరి నుంచి ముగ్గురు బిడ్డలకి ఇలా జరుగుతూనే ఉంది. మీ మీద మీరు మోపుకున్న ఆ బరువు దించేయండి, మీ బాబుకి మీరు కావాలి.

ఇక దెబ్బ సంగతి. "అప్పుడే తగిలిపోయింది కదా" అని మీరన్నట్టే డాక్టర్లూ చాలాకాలం అనుకున్నారు. 1980లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆస్మండ్ రేనాల్డ్స్ అనే పిల్లల డాక్టరు, ఆయన బృందం ఇలాంటి బిడ్డల మెదడులో శక్తి నిల్వలు ఎలా ఉన్నాయో రోజుల తరబడి కొలిచారు. సూది గుచ్చకుండా, బిడ్డని ఎంఆర్‌ఐ లాంటి అయస్కాంతంలో పడుకోబెట్టి, కణాలకి శక్తినిచ్చే ఫాస్ఫరస్ పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చూసే పద్ధతి అది. ఊపిరి అందిన మొదటి గంటల్లో నిల్వలు దాదాపు మామూలుగానే కనిపించాయి. హమ్మయ్య, గండం గడిచింది అనుకునేలోపు, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ పడిపోయాయి. ఈసారి ఆక్సిజన్ అందుతోంది, రక్తం అందుతోంది, అయినా పడిపోయాయి. ఎంత లోతుగా పడిపోతే ఆ బిడ్డకి తర్వాత అంత కష్టమని కూడా తేలింది.

నా దృష్టిలో నవజాత శిశువుల వైద్యాన్ని మార్చేసిన విషయం ఇదే. మెదడు దెబ్బ ఒక్క క్షణంలో అయిపోయేది కాదు, మూడు రోజుల పాటు నడిచేది. మంట ఆరిపోయినట్టు కనిపిస్తుంది, కానీ అది నివురుగప్పిన నిప్పు.

ఆ నివురు కింద ఏం జరుగుతుందంటే, ఆక్సిజన్ ఆగగానే కణానికి శక్తి అయిపోతుంది, కణం చుట్టూ ఉన్న ఉప్పుల్ని అదుపులో పెట్టే పంపులు నిలిచిపోతాయి. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి చిటికెడు చిటికెడుగా వాడే గ్లూటమేట్ అనే పదార్థం ఒక్కసారిగా బయట పేరుకుపోతుంది. మామూలుగా అది సందేశం, ఇప్పుడు విషం. 1969లో జాన్ ఓల్నీ అనే శాస్త్రవేత్త దీనికి ఎక్సైటోటాక్సిసిటీ అని పేరు పెట్టారు, అంటే ఉద్రేకం ఎక్కువై కణం చచ్చిపోవడం. కణంలోకి కాల్షియం వరదలా దూసుకొస్తుంది. తర్వాత బిడ్డకి ఊపిరి వచ్చి రక్తం తిరిగి పారినప్పుడు కొన్ని కణాలు తేరుకుంటాయి, కొన్ని అప్పటికే పోయి ఉంటాయి, మధ్యలో ఉన్నవి చాలా ఉంటాయి చూడండి, అవి బతుకుదామా పోదామా అన్న తూకంలో కొన్ని గంటలు ఉంటాయి. ఆ కొన్ని గంటలే మీకు చెప్పిన ఆరు గంటలు. అది దాటాక కణాల్లోని మైటోకాండ్రియా, అంటే శక్తి తయారుచేసే భాగాలు, ఒక్కొక్కటిగా కుప్పకూలడం మొదలవుతుంది, ఫిట్స్ వస్తాయి, మెదడు వాస్తుంది.

చల్లబరచడం ఆ తూకం మీద పనిచేస్తుంది. ఒంటి వేడి ఒక డిగ్రీ తగ్గితే మెదడు ఖర్చుపెట్టే శక్తి సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. గ్లూటమేట్ పేరుకోవడం తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, చావు వైపు అడుగేసిన కణాల్లో కొన్ని ఆగుతాయి. అందుకే 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచి, తర్వాత గంటకి అర డిగ్రీ చొప్పున మెల్లగా వేడెక్కిస్తారు. మీరు చెయ్యి వేసినప్పుడు ఐసులా అనిపించింది పైన చర్మం. లోపల ఎంత ఉందో నిమిషం నిమిషం చూస్తూనే ఉంటారు, బిడ్డకి బాధ తెలియకుండా చాలాచోట్ల మందులూ ఇస్తారు.

1995లో మారియాన్ థోరెసెన్ బృందం పంది పిల్లల మీద ఇది పనిచేస్తుందని చూపించింది. పసిబిడ్డల్లో చేసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2005లో, టోబీ అనే మూడోదాని ఫలితాలు 2009లో వచ్చాయి. 2013 నాటికి 11 పరీక్షలు, 1,505 మంది బిడ్డల లెక్క కలిపి చూస్తే, ఏడుగురిని చల్లబరిస్తే ఒకరు చావు నుంచో పెద్ద వైకల్యం నుంచో అదనంగా బయటపడుతున్నారని తేలింది. ఏడుగురిలో ఒకరే అని కొందరికి చిన్నగా అనిపించొచ్చు. నేను నవజాత శిశువుల వార్డులో పనిచేసినదాన్ని, ఆ ఒక్కరికి ఒక అమ్మ ఉంటుంది, నాకది చిన్న లెక్క కాదు.

ఒక్క మాట. పుట్టినప్పుడు ఇచ్చే ఎప్‌గార్ మార్కులు తక్కువ వచ్చాయని చాలామంది ఉత్తరాల్లో వేసి మరీ పంపారు. 1950లలో వర్జీనియా ఎప్‌గార్ అనే మత్తు డాక్టరమ్మ వాటిని తయారుచేసింది ఆ నిమిషంలో బిడ్డకి సాయం కావాలా అని చూడటానికి. ఆ మార్కు ఒక్కటే చూసి బిడ్డ రేపు ఎలా ఉంటాడో చెప్పలేం. ఎంఆర్‌ఐ, ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష), రోజురోజుకీ బిడ్డ ఎలా మారుతున్నాడన్నది చాలా ఎక్కువ చెప్తాయి.

ప్రశ్న: నేను బయాలజీ విద్యార్థిని. కణాలు చచ్చిపోవడమే సమస్య అయితే, కణం చావుని ఆపే మందు ఒకటి ఇచ్చేస్తే సరిపోదా? అలాంటి మందులు ల్యాబుల్లో ఉన్నాయని చదివాను.

చాలా మంచి ప్రశ్న, నేను ల్యాబులో మొదటి సంవత్సరం సరిగ్గా ఇదే అనుకున్నాను.

కణం చావు అంటే ఒకటే రకం కాదు. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు అపాప్టోసిస్ అన్న మాట పుట్టించారు, గ్రీకులో ఆకు రాలడం అని అర్థం. ఆ చావులో కణం తనని తనే పద్ధతిగా ముక్కలు చేసుకుని, మూటలు కట్టుకుని వెళ్ళిపోతుంది, పక్కవాళ్ళకి తెలియను కూడా తెలియదు. దీనికి పూర్తి ఎదురుగా నెక్రోసిస్ ఉంటుంది, అందులో కణం ఉబ్బి పగిలిపోతుంది, లోపలిదంతా బయటపడి చుట్టూ వాపు మొదలవుతుంది. చాలాకాలం ఈ రెండే అనుకున్నారు. తర్వాత పైరోప్టోసిస్ వచ్చింది, లోపల క్రిమి దూరిందని తెలిసిన కణం కావాలనే పేలిపోయి రోగనిరోధక వ్యవస్థకి గంట కొట్టడం. 2005లో నెక్రోప్టోసిస్ అన్న పేరు వచ్చింది, పగిలిపోవడమే కానీ ముందే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం పగిలిపోవడం. 2012లో ఫెర్రోప్టోసిస్, ఇనుము వల్ల కణం పొరలోని కొవ్వులు పాడై చావడం.

పసిబిడ్డ మెదడు దగ్గర కష్టమేమిటంటే, ఇవన్నీ కలిసి జరుగుతాయి. అపాప్టోసిస్‌కి కూడా శక్తి కావాలి, పద్ధతిగా చావడానికి ఓపిక ఉండాలి కదా. దెబ్బతిన్న కణం ఆ దారిలో బయలుదేరి, సగంలో శక్తి అయిపోయి, చివరికి పగిలిపోతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే ఒకే కణంలో రెండు చావుల గుర్తులూ కనిపిస్తాయి. పెద్దవాళ్ళ మెదడులో ఇది ఇంతగా కనిపించదు. పైగా పసి మెదడులో అపాప్టోసిస్ నడిపించే క్యాస్పేజ్-3 అనే ఎంజైము నిండుగా ఉంటుంది, ఆక్సీకరణని తట్టుకునే రక్షణ తక్కువ, విడిగా తిరిగే ఇనుము ఎక్కువ. ఎలుక పిల్లల్లో ఆడ మగ తేడా కూడా బయటపడింది, ఆడవాటిలో క్యాస్పేజ్ దారి ఎక్కువ, మగవాటిలో దానితో సంబంధం లేని ఇంకో దారి ఎక్కువ. ఒకే దెబ్బకి అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరే మందులు కావాల్సి రావచ్చన్న ఆలోచన నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచేలా చేస్తుంది. ఇంకా చిక్కు ఏమిటంటే ఒక దారి మూస్తే కణం ఇంకో దారి వెతుక్కుంటుంది. క్యాస్పేజ్‌లన్నిటినీ అడ్డుకుంటే కొన్ని కణాలు నెక్రోప్టోసిస్ వైపు మళ్ళుతాయి, అంటే చక్కగా మూట కట్టుకుని పోవాల్సింది పగిలిపోయి వాపు తెస్తుంది.

సరే, అన్ని దారులూ మూసేద్దాం అనుకో. అప్పుడు అసలు సంగతి ఎదురవుతుంది. చావు లేకపోతే బిడ్డే తయారవడు. కడుపులో చేతివేళ్ళు విడివిడిగా రావడానికి వాటి మధ్య చర్మంలోని కణాలు చావాలి. మెదడు మొదట్లో కావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ కణాలు పుట్టించి, సరైన బంధం దొరకనివాటిని వదిలించుకుంటుంది. మిల్లీమీటరు పొడుగుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో 1,090 కణాలు పుడతాయి, అందులో సరిగ్గా 131 చావాలి, 959 మిగలాలి, దాదాపు ప్రతి పురుగులోనూ ఇదే లెక్క. ఈ పురుగు మీద చేసిన పనికే బ్రెన్నర్, హోర్విట్జ్, సల్‌స్టన్‌లకి 2002లో నోబెల్ వచ్చింది. క్యాస్పేజ్-3 లేకుండా ఎలుకల్ని పుట్టిస్తే మెదడులో కణాలు మితిమీరి పోగుపడి, పిల్లలు కొద్ది వారాల్లోనే చనిపోయాయి. పుట్టిన బిడ్డ మెదడులో ఆ కట్టడం పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. అంటే మందు ఆపాల్సింది దెబ్బ వల్ల వచ్చే చావుని, ఆపకూడనిది బిడ్డని తయారుచేసే చావుని, రెండూ పక్కపక్క కణాల్లో, అవే ఎంజైములతో, అదే రోజు జరుగుతుంటాయి.

అందుకే ఎలుకల్లో పనిచేసిన మందులు బిడ్డల దగ్గరకొచ్చి నిలవట్లేదు. ఎర్ర రక్తకణాల్ని పెంచే ఎరిత్రోపొయిటిన్ అనే మందు మీద అందరం చాలా ఆశ పెట్టుకున్నాం. 500 మంది బిడ్డల మీద చేసిన హీల్ పరీక్ష ఫలితం 2022లో వచ్చింది, చల్లబరచడానికి తోడు ఆ మందు ఇచ్చినా అదనపు లాభం ఏమీ కనపడలేదు. నువ్వు ఈ రంగంలోకి రావాలనే నా కోరిక. చేయాల్సింది ఇంకా బోలెడుంది.

ప్రశ్న: కాన్పుకి ముందు రెండు రోజులు నాకు జ్వరం, ఉమ్మనీటిలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు. పాపకి మెదడు దెబ్బ తగలడానికీ ఆ జ్వరానికీ సంబంధం ఉందా? ఇన్‌ఫెక్షన్ పాప దాకా పోలేదని రిపోర్టులో ఉంది.

ఉండొచ్చమ్మా, క్రిమి పాప దాకా పోకపోయినా సరే.

మెదడులో మైక్రోగ్లియా అని కాపలా కణాలు ఉంటాయి. ఇవి మెదడులో పుట్టినవి కావు, పిండం మొదటి వారాల్లోనే పచ్చసొన సంచి నుంచి వచ్చి మెదడులో స్థిరపడినవి. మామూలు రోజుల్లో అవి చచ్చిన కణాల్ని తీసేస్తూ, అక్కర్లేని బంధాల్ని కత్తిరిస్తూ మెదడు కట్టడంలో పనివాళ్ళుగా ఉంటాయి. తల్లి ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వచ్చి వాపు రసాయనాలు పెరిగితే, ఈ పనివాళ్ళు సిపాయిలైపోతారు. అప్పుడు చిన్న ఆక్సిజన్ లోటు వచ్చినా పెద్ద దెబ్బగా మారుతుంది.

స్వీడన్‌లో హెన్రిక్ హాగ్‌బెరి, కారినా మలార్డ్, ఫ్రాన్స్‌లో పియెర్ గ్రెసాన్స్ ఇలాంటి వాళ్ళు దీని మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ఎలుక పిల్లలకి బ్యాక్టీరియా గోడలోని ఒక పదార్థం కొంచెం ఇచ్చి (బతికున్న క్రిమి కాదు), తర్వాత కొద్దిపాటి ఆక్సిజన్ లోటు కలిగిస్తే ఏమవుతుందో చూశారు. కొన్ని గంటల ముందు ఇస్తే దెబ్బ పెరిగింది. సరిగ్గా ఒక రోజు ముందు ఇస్తే దెబ్బ తగ్గింది! ఇంకొన్ని రోజుల ముందు ఇస్తే మళ్ళీ పెరిగింది. అదే పదార్థం, అదే మోతాదు, సమయం మాత్రమే వేరు. కాబట్టి రెండు రోజుల జ్వరం మీ పాపకి ఇంత చేసిందని ఎవరూ లెక్క కట్టి చెప్పలేరు, చెప్పినా నమ్మకండి. మీరు చేయగలిగింది, జ్వరం వచ్చాక ఆసుపత్రికి వెళ్ళడం, అది చేశారు.

నెలలు నిండకుండా పుట్టే బిడ్డల్లో కథ కొంచెం వేరు. వాళ్ళలో ఎక్కువగా దెబ్బతినేవి నరాల చుట్టూ తొడుగు వేయాల్సిన లేత కణాలు, అవి వాపుకి అసలు తట్టుకోలేవు. ముందే కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం వల్ల సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల కదలికలు అదుపులో లేకపోవడం) తగ్గుతుందని పరీక్షల్లో నిలిచింది, చాలా చవకైన మందు.

ప్రశ్న: మన దేశంలో చల్లబరిస్తే చావులు పెరిగాయని చదివాను. నేను నర్సుని, మా వార్డులో దీని మీద గొడవే జరిగింది. ఏది నిజం?

మీరు చదివింది హీలిక్స్ పరీక్ష గురించి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి చెందిన సుధిన్ తయ్యిల్ నాయకత్వంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో చేసి 2021లో ప్రచురించారు. చల్లబరిచిన వాళ్ళలో 42 శాతం చనిపోయారు, మామూలు వైద్యం ఇచ్చిన వాళ్ళలో 31 శాతం. చావు, పెద్ద వైకల్యం కలిపి చూస్తే లాభం లేదు. ఆ రోజు ఆ పేపరు చదివి నేను నిద్రపోలేదు.

ఎందుకిలా అన్న దాని మీద వాదనలు ఆగలేదు. నాకు బలంగా అనిపించేది ఏమిటంటే, చాలామంది బిడ్డల్లో దెబ్బ కాన్పు బల్ల మీద కాదు, అంతకు ముందే, గంటల తరబడి, బహుశా రోజుల తరబడి మెల్లమెల్లగా మొదలై ఉంటుంది. మొదటి జవాబులో చెప్పిన నివురు గంటలు వాళ్ళకి కడుపులోనే గడిచిపోయి ఉంటాయి. అప్పుడు మనం గడియారం పుట్టిన క్షణం నుంచి లెక్కపెట్టడమే తప్పు. వాపు కూడా ఒక కారణం కావచ్చు, బ్యాక్టీరియా పదార్థం ముందే ఇచ్చిన ఎలుక పిల్లల్లో చల్లబరచడం పనిచేయలేదని చూపిన ప్రయోగాలు ఉన్నాయి.

అందుకని మీ వార్డులో ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టండి. సంపన్న దేశాల లెక్కల్ని అలాగే తెచ్చి మన బిడ్డల మీద వేయకూడదు, అలాగని ఇప్పటికే చల్లబరిచి బాగున్న బిడ్డల తల్లుల్ని భయపెట్టకూడదు. ఏ వార్డులోనైనా తేడా లేకుండా పాటించాల్సినది ఒకటుంది: దెబ్బతిన్న బిడ్డకి జ్వరం రానివ్వకూడదు. వేడి పెరిగితే దెబ్బ పెరుగుతుంది.

ప్రశ్న: మా పాపకి మూడేళ్ళు. నెలకోసారి జలుబు, దగ్గు. ఇమ్యూనిటీ లేదేమో అని టెన్షన్. ఇన్ని టీకాల వల్లే వీక్ అయిందని మా బంధువులు అంటున్నారు. ఇమ్యూనిటీ పెంచే సిరప్ ఏదైనా చెప్పండి. — ఒక తండ్రి

సిరప్ ఏదీ చెప్పను, అలాంటిది లేదు.

బిడ్డ పుట్టేటప్పుడు అమ్మ దగ్గర్నుంచి యాంటీబాడీలు అప్పుగా తెచ్చుకుంటుంది. అవి మాయ ద్వారా వస్తాయి, ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే వస్తాయి, అందుకే నెలలు నిండని బిడ్డలకి తక్కువ. ముర్రుపాలు, చనుపాలు పేగుల్లో కాపలా కాసే ఇంకో రకం యాంటీబాడీ ఇస్తాయి. ఆ అప్పు కొన్ని నెలల్లో తరిగిపోతుంది, తర్వాత సొంతంగా సంపాదించుకోవాలి. మూడేళ్ళ పిల్లకి వచ్చే జలుబులు ఆ సంపాదనే. తరచూ న్యుమోనియా, లోతైన పుండ్లు, బరువు పెరగకపోవడం, ఇలాంటివి ఉంటేనే డాక్టరుకి చూపించి పరీక్ష చేయించాలి.

బిడ్డ రోగనిరోధక వ్యవస్థ బలహీనం అనడం కన్నా ఇంకా నేర్చుకుంటోంది అనడం సరైనది. ఉదాహరణకి, రెండేళ్ళలోపు పిల్లల ఒళ్ళు కొన్ని బ్యాక్టీరియాల మీద ఉండే చక్కెర పూతని గుర్తుపట్టలేదు. అందుకే ఆ చక్కెరని ఒక ప్రొటీన్‌కి అంటించి టీకా చేశారు, హిబ్ అనే బ్యాక్టీరియాకి వేసే టీకా అలాంటిదే, చిన్న పిల్లల్లో మెనింజైటిస్‌ని అది ఎంత తగ్గించిందో పాత డాక్టర్లని అడగండి. టీకాలు వీక్ చేయవు. వీక్ చేసేది తట్టు. తట్టు వైరస్ జ్ఞాపకాలు దాచుకున్న తెల్లకణాల్నే చంపేస్తుంది. 2019లో టీకా వేయించుకోని పిల్లల రక్తం తట్టుకి ముందూ తర్వాతా పోల్చి చూస్తే, అంతకు ముందు సంపాదించిన యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. అంటే మీ పాప ఈ మూడేళ్ళ జలుబులతో కష్టపడి నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఒక్క జబ్బుతో పోవచ్చు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో ఇవాళే కార్డు చూడండి.

ఇంకో మాట, పై విద్యార్థికి చెప్పిన దానితో ముడిపడింది. రోగనిరోధక శక్తి కూడా కణం చావు మీదే నడుస్తుంది. గుండె పైన ఉండే థైమస్ గ్రంథి చాలాకాలం పనికిరానిదనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకలకి దాన్ని తీసేసి, అది లేకపోతే రోగాల్ని తట్టుకోలేవని చూపించారు. అక్కడ టీ కణాలనే ఒక రకం తెల్లకణాలకి చదువు చెప్తారు, సొంత ఒంటి మీద దాడి చేసేవాటిని, దేనికీ పనికిరానివాటిని అక్కడే చంపేస్తారు. నూటికి 95కి పైగా బయటికే రావు. ఈ చావు తప్పితే ఏమవుతుందో ఆల్ప్స్ అనే అరుదైన జబ్బు చూపిస్తుంది, ఫాస్ అనే జన్యువు చెడి చావాల్సిన తెల్లకణాలు చావవు, పిల్లలకి మెడలో గడ్డలు, పెరిగిన ప్లీహం, సొంత రక్తకణాల మీదే దాడి. దానికి ఎదురు జబ్బు ఏడీఏ అనే ఎంజైము లేకపోవడం, అందులో ఉండాల్సిన తెల్లకణాలు కూడా చచ్చిపోతాయి, బిడ్డకి చిన్న జలుబే ప్రాణాంతకం. 1990లో ప్రపంచంలో మొట్టమొదట అనుమతి పొందిన జన్యు చికిత్స ఆ జబ్బున్న నాలుగేళ్ళ పాపకే చేశారు. "పెంచడం" అనేది ఎప్పుడూ మంచిది కాదని అర్థమవుతోంది కదా.

ప్రశ్న: బొడ్డుతాడు రక్తం దాచుకుంటే సెరిబ్రల్ పాల్సీ నయమవుతుందని ఏజెంటు చెప్పాడు. నిజమా?

నయమవుతుందని ఇప్పటికి ఏ పరీక్షా రుజువు చేయలేదు. పరిశోధన జరుగుతోంది, అది వేరు, అమ్మకం వేరు. డబ్బు కట్టి, ఆ రక్తంలో ఉండేలాంటి స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు వేయించుకొచ్చిన కుటుంబాల ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి, వాళ్ళ ఆశని అలా వాడుకోవడం చూస్తే కోపం వస్తుంది. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

ప్రశ్న: మా మనవడికి మూడు నెలలు. పుట్టినప్పుడు ఫిట్స్ వచ్చాయి. సెరిబ్రల్ పాల్సీ వస్తుందో లేదో రెండేళ్ళ దాకా తెలియదు, ఆగండి అంటున్నారు. మా కోడలు తనే కారణమని కుమిలిపోతోంది. అప్పటిదాకా ఎలా ఆగాలి? — ఒక నాయనమ్మ

ఆగొద్దు నాయనమ్మ గారూ. రెండేళ్ళు ఆగాలన్నది పాత మాట.

ముందు కోడలికి ఇది చదివి వినిపించండి. 1861లో విలియం లిటిల్ అనే లండన్ డాక్టరు ఈ జబ్బుకి కష్టమైన కాన్పే కారణం అన్నారు, నిందంతా కాన్పు గది మీద పడింది. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ (అవును, ఆయనే, మొదట నరాల డాక్టరు) దాన్ని ప్రశ్నించారు, కొందరు బిడ్డల్లో కడుపులోనే ఏదో తేడా ఉంటుంది, కాన్పు కష్టమవడం దాని ఫలితమే కావచ్చు అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత పెద్ద లెక్కలు తీస్తే ఆయన మాటలో బలం ఉందని తేలింది, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం పుట్టేటప్పుడు ఊపిరాడకపోవడం కాదు.

ఇక మనవడి సంగతి. సుమారు మూడు నుంచి అయిదు నెలల మధ్య పసిబిడ్డలు వెల్లకిలా పడుకుని మెలకువగా ఉన్నప్పుడు మెడ, నడుము, చేతులు, కాళ్ళు అన్నిటినీ ఆగకుండా చిన్న చిన్నగా కదుపుతుంటారు, సన్నగా అల్లుతున్నట్టు ఉంటుంది. ఆస్ట్రియా డాక్టరు హైన్జ్ ప్రెష్ట్‌ల్ ఈ కదలికల్ని చదవడం నేర్పారు. అవి ఉంటే చాలా మంచి గుర్తు. లేకపోతే, ఎంఆర్‌ఐలో కూడా తేడా ఉంటే, ఆరు నెలలు నిండకముందే చికిత్స మొదలుపెట్టొచ్చు. ఆ వయసులో మెదడు కొత్త దారులు వేసుకునే వేగం తర్వాత ఎప్పుడూ ఉండదు.

మీ మనవడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. పాలు తాగి, నిద్ర లేచి, ఏడుపు లేకుండా ఉన్నప్పుడు పలచటి చొక్కాతో వెల్లకిలా పడుకోబెట్టండి. చేతికి బొమ్మ ఇవ్వొద్దు, పలకరించొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పైనుంచి ఒళ్ళంతా కనపడేలా ఫోన్‌లో మూడు నిమిషాలు వీడియో తీసి, ఈ కదలికలు చూడటం నేర్చుకున్న పిల్లల డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో ఈ వారంలోనే చూపించండి.